పాటకి మాటలెందుకండీ?

సంగీత నాటకంలో మాటలు వినపడకూడదు. అవును, వినపడనే కూడదు! ఒక్క ముక్క వినపడిందా, ఆ నాటకం చెడిందన్నమాటే.

కోప్పడకండి. ఈమధ్య మన విశాఖపట్నంలో ఎక్కడైనా నాటకం చూశారా? చూశారు, సరే. విన్నారా? పాడినావిడ ఏం పాడిందో, అందులో ఒక్క మాట ఇదీ అని చెప్పగలరా? చెప్పలేరు. చెప్పలేకపోయినందుకు మీకొచ్చిన నష్టమేమిటి? హాయిగా వేరుశెనక్కాయలు తిన్నారు. పక్కవాడి భుజం మీద ఓ కునుకు తీశారు. ఇంటికెళ్ళి "అబ్బ, ఏం నాటకం!" అన్నారు. అన్నారా, లేదా?

మరి!

వెనకటి రోజుల్లో ఓ హార్మోనియం, ఓ తబలా ఉండేవి. పాట సూటిగా వచ్చి చెవిలో పడేది. నేల మీద కూచున్నవాడికి కూడా ప్రతి మాటా అర్థమైపోయేది. అర్థమయ్యాక మనిషి ఊరుకుంటాడా? ఏడుస్తాడు. ఇంటికెళ్ళినా మర్చిపోడు. మర్నాడు డ్యూటీలో కూడా అదే ఆలోచిస్తాడు. దేశానికి ఎంత పని నష్టం!

ఈ ఎనభై అయిదో సంవత్సరంలో మనకా బాధ లేదు. మైకు సెట్టువాళ్ళు 'ఎకో' అనే యంత్రం తెచ్చారు. పాడేవాడు "రా" అంటే అది "రా... రా... రా... రా" అని నాలుగు దిక్కులా తిరిగి, అలిసిపోయి, ఏ కొండకో గుద్దుకుని పడిపోతుంది. ఈలోగా రెండో మాట బయల్దేరి మొదటిదాని మీద పడుతుంది. మూడోది ఆ రెండింటి మీద. నాలుగో మాటకి పూర్ణా మార్కెట్లో ఆదివారం పొద్దుటి రద్దీయే! దానికి తోడు కరెంటుతో వాయించే పెట్టె ఒకటి. మీట నొక్కితే సముద్రం, ఇంకో మీట నొక్కితే రైలు. ఇంత వైభవం మధ్య మాట అనేది ఎక్కడ దాక్కుంటుందండీ పాపం?

దీనివల్ల కలిగిన లాభాలు వినండి.

మొన్న క్రిస్మస్‌కి పెందుర్తిలో సంగీత నాటకం పెట్టారు. బాలయేసుని చూడొచ్చిన జ్ఞానుల్లో ఒకడి వేషం వేసిన సుందర్ రాజ్ పాట కాగితాన్ని సిటీబస్సులో వదిలేశాడు. గాభరా పడ్డాడా? లేదు. వాల్తేరు నుంచి రాజమండ్రి దాకా రైలు స్టేషన్ల పేర్లన్నీ వరసగా రాగం తీశాడు. అనకాపల్లి దగ్గర రెండు కుటుంబాలు కన్నీళ్ళు పెట్టుకున్నాయి. తుని దగ్గరికొచ్చేసరికి ఓ ముసలాయన మోకరించేశాడు! అసలు పాటే ఉంటే ఇంత భక్తి కలిగేదా?

ఇంకోచోట నాటకంలో ఆఫీసర్ల మీద ఘాటైన పాట ఉంది. ముఖ్య అతిథి ఆఫీసరే. ఎకో దయవల్ల ఆయనకి ఒక్క ముక్క అందలేదు. తల ఊపుతూ విని, పాడినవాడి మెడలో తన దండే తీసి వేశాడు. పాడినవాడిదీ, రాసినవాడిదీ ఇద్దరి ఉద్యోగాలూ నిలబడ్డాయి.

ఇన్ని మేళ్ళు కళ్ళెదుట కనపడుతున్నా, మాటలు వినపడి తీరాలని పట్టుబట్టే మొండిఘటాలు ఇంకా ఉన్నారు. అలాంటివాడు మా సమితిలోనే ఒకడున్నాడు. పేరు సూరన్న.

సూరన్న పోర్టులో ఇనప ఖనిజం బెల్టు దగ్గర పని చేస్తాడు. బెల్టు మీంచి జారిపడ్డ ఎర్రమట్టిని పారతో ఎత్తి మళ్ళీ బెల్టు మీద వెయ్యడం ఆయన పని. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమలు కూడా ఎర్రగా ఉంటాయి. అయిదో క్లాసుతో బడి వదిలేశాడు గానీ పాటలు రాసే జబ్బు మాత్రం వదల్లేదు. ఎన్నికల పాటలు, యూనియన్ పాటలు, పెళ్ళి పాటలు ఎవరడిగితే వాళ్ళకి రాసిచ్చేవాడు. అచ్చయిన కాగితం ఒకటి తెచ్చి మేనత్త చిలకమ్మ చేతిలో పెట్టేవాడు.

సూరన్నని పెంచింది ఆ చిలకమ్మే. గాజువాక సంతలో ఎండుచేపలు అమ్ముతుంది. ఆవిడకి చదువు రాదు. కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని చాలాసేపు చూసేది.

"బాగుందిరా. ఏటి రాసినావు?"

"సదివి ఇనిపించమంటావేటి అత్తా?"

"ఇద్దరం కూకుని సదువుకుంటే ఏటుంటాదిరా? పాటంటే పాడాల. నలుగురూ ఇనాల. అప్పుడు నాను నలుగుర్లో కూకుని, ఇది మా సూరిగాడు రాసిందని సెప్పాల."

సూరన్న ఇన్నేళ్ళు రాసిందంతా ఎండుచేపల పొట్లాలైపోయింది గానీ ఆవిడ చెవిన ఒక్క ముక్క పడలేదు.

నిరుడు మా సాగరతరంగ కళాసమితి వార్షికోత్సవానికి సంగీత నాటకం వెయ్యాలని కమిటీ తీర్మానించింది. మొత్తం పాటలే, వచనం ఉండకూడదు. రాసేపని సూరన్నకి అప్పగించారు. కారణం మరేం లేదు, అడిగిన మిగతావాళ్ళెవరూ ఒప్పుకోలేదు.

సూరన్న రాశాడు. వాళ్ళ ఊరి కథే రాశాడు. తాటిగెడ్డపాలెం అని ఒక ఊరుండేది. ఉక్కు ఫ్యాక్టరీకి స్థలం కావలసి వచ్చినప్పుడు చుట్టుపక్కల ఊళ్ళతోపాటు అదీ లేచింది. జనం తలో దిక్కూ సర్దుకున్నారు. లేచిన రోజు చిలకమ్మ పొయ్యిరాళ్ళు మూటగట్టుకుని, ఇంటి తలుపు ఊడదీసి తలకెత్తుకుని, నడుస్తూ ఏవో మాటలంది. పక్కనే నడుస్తున్న సూరన్న ఆ మాటల్ని ఇన్నేళ్ళుగా బుర్రలో దాచుకుని నాటకం చివరి పాటగా పెట్టాడు.

"నీ మాటలే ఎట్టినానత్తా. వచ్చి ఇను" అన్నాడు.

"నా మాటలేటిరా! నానేటన్నాను?"

"ఇంటే తెలుస్తాది."

ఆవిడ ఆ వారమంతా సంతలో చేపలు కొన్న ప్రతివాళ్ళనీ నాటకానికి పిలిచింది. చెల్లాచెదురైన ఊరివాళ్ళని వెతికి వెతికి మరీ కబురు పెట్టింది.

చూశారా, ఎంత స్వార్థమో! ఒక ముసలావిడ వినడం కోసం ఓ నాటకమా?

అదృష్టవశాత్తూ కమిటీలో పెద్దలున్నారు. గౌరవాధ్యక్షుడు భీమశంకరరావు గారికి పూర్ణా మార్కెట్ పక్కన మైకు సెట్ల దుకాణం ఉంది. నాటకాలకి కిరీటాలు, గదలు కూడా అద్దెకిస్తారు. సూరన్న కాగితాలన్నీ చదివి వినిపించాక ఆయన చాలా సేపు ఆలోచించారు.

"బాగుంది గానీ బావా, ఇందులో రాజు నేడేటి?"

"పల్లెటూరి కత గదా బావా. రాజెలాగొస్తాడు?"

"రాజు నేపోతే నా కిరీటాలేటి సేసుకోవాల? కనీసం ఓ మంత్రినైనా ఎట్టు!"

సంగీత దర్శకుడు గురునాథరావు మాస్టారి అభ్యంతరం వేరు. "నీ మాటలు మరీ పొట్టిగా ఉన్నాయి సూరన్నా. 'రాయి' అని రాశావు. నేను 'రా' దగ్గర పట్టుకుని పైకెళ్ళి, కిందకి దిగి, ఓ చుట్టు తిరిగొస్తాను. అప్పటికి 'యి' ఎవడికి గుర్తుంటుంది?"

"మరి ఇనోళ్ళకి ఏటి తెలుస్తాది మేస్టారూ?"

"రాగం తెలుస్తుందయ్యా! రాయి ఎవడిక్కావాలి?"

ఎంత చక్కటి మాట! ఫ్రేము కట్టించి గోడకి తగిలించదగ్గది.

ఇక నాయిక వేషానికి పై ఊరినించి గౌరీశ్వరి గారిని పిలిపించారు. ఆవిడ పేరున్న నటి. ఏ ఊళ్ళో ఏ నాటకమైనా ఆవిడ పద్ధతి ఒక్కటే. రిహార్సలుకి రారు. నాటకం నాటి మధ్యాహ్నం బస్సు దిగుతారు. కిరీటం, జరీ చీర, తన పాట తనతోనే తెచ్చుకుంటారు. అడవిలో దారి తప్పిన రాణి మొగుణ్ణి తలుచుకుని పాడే పాట అది. కథ ఏదైనా సరే, చివర్లో ఆ రాణి దారి తప్పి తీరాల్సిందే. జనానికీ అదే కావాలి.

సూరన్న చేతిలో కాగితం పట్టుకుని ఆవిడ ముందు నిలబడ్డాడు.

"అమ్మా, ఇది పొయ్యిరాళ్ళు మోసుకెళ్ళే పల్లెటూరి ఆవిడ ఏసం. కిరీటం..."

"కిరీటం తీసీమంటావేటి బాబూ? తీస్తే నన్నెవలూ గుర్తెట్టరు" అందావిడ. కోపంగా కాదు, పౌడరు రాసుకుంటూనే. "మీ కమిటీవోళ్ళు నిన్న కబురెట్టినారు. కొత్త మాటలు ఒక్కరోజులో నోట్లో ఎలా తిరుగుతాయి? నువ్వు పక్కన కూకుని అందించు. నోటికొచ్చిందా, పాడతాను. రానేదా, నా పాట నాకుంది."

న్యాయమైన మాట. నాటకంలో తెర పక్కన చాటుగా కూచుని, ఆడేవాళ్ళకి ముందు మాట అందించేవాణ్ణి ప్రాంప్టరంటారు కదా. ఆ పని సూరన్న తీసుకున్నాడు. రచయితకి అంతకన్నా గౌరవం ఏముంటుంది? రాసిందీ ఆయనే, చాటుగా గొణిగేదీ ఆయనే!

పొద్దుగూకేసరికి గాజువాకలో ఖాళీ స్థలం నిండిపోయింది. భీమశంకరరావు గారి మైకు హారన్లు నాలుగు గుంజలకీ కట్టారు. ముందు వరసలో చాప మీద చిలకమ్మ, ఆవిడ పక్కన పాత ఊరి అసిరమ్మ, వాళ్ళ వెనక తాటిగెడ్డపాలెం వాళ్ళంతా కూచున్నారు. చిలకమ్మ ఉతికిన చీర కట్టుకుని తలకి నూనె రాసుకునొచ్చింది.

తెర లేచింది. సముద్రం మీట, రైలు మీట, ఎకో మీట అన్నీ ఒకేసారి నొక్కారు. మొదటి పాట మొదలైంది.

"ఇదేనేటే నీ పాట?" అసిరమ్మ అడిగింది.

"ఏమోనే. ఏటంతన్నాడో నీకినపడిందా?"

"ఏటో గుడగుడలాడతన్నాడు."

ఒక్కో పాట మధ్యలో మైకులో ప్రకటన. "మన నాటకానికి కిరీటములు, గదలు సమకూర్చిన మన భీమశంకరరావు గారికి... గారికి... గారికి..." అని ఆ గౌరవం కూడా నాలుగు దిక్కులా తిరిగేది. ఊరివాళ్ళు మూటలు కట్టుకునే ఘట్టంలో ఓ మంత్రి కూడా ప్రవేశించాడు. మాటలు వినపడవు కాబట్టి ఎందుకొచ్చాడని ఎవరూ అడగలేదు. అదీ సుఖం!

చిలకమ్మ మాత్రం ప్రతి పాట అయ్యాకా తెర పక్కకి మెడ సాచి చూసేది. సందులోంచి సూరన్న తల అడ్డంగా ఊపేవాడు. ఇది కాదు. ఇదీ కాదు.

ఆఖరికి ఆ పాట వచ్చింది. గౌరీశ్వరి గారు జరీ చీరలో, నెత్తిన కిరీటంతో, చంకలో అట్టముక్కలతో చేసిన పొయ్యిరాళ్ళ మూటతో వచ్చారు. జనం చప్పట్లు కొట్టారు. సూరన్న సందులోంచి ఈసారి తల నిలువుగా ఊపాడు. చిలకమ్మ నిటారుగా కూచుని, అసిరమ్మని మోచేత్తో ఒక్కటి పొడిచింది.

సూరన్న మొదటి మాట అందించాడు. గౌరీశ్వరి గారు ఒక్క క్షణం చెవి ఒగ్గారు. పక్కనే రైలు మీట మోత. ఆవిడకేమీ అందలేదు. కళ్ళు మూసుకుని తన అడవి పాట ఎత్తుకున్నారు.

రాణి దారి తప్పింది. జనం ఈలలు వేశారు. చిలకమ్మ నోరు తెరుచుకుని వింటోంది. తను ఎప్పుడు ఈ మాటలందో గుర్తుచేసుకుంటున్నట్టుంది పాపం.

అప్పుడైనా బుద్ధున్నవాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుంటాడా, లేదా? సూరన్న పెట్టలేదు. ప్రాంప్టరు పని మాట అందించడం. ఎదుటివాళ్ళు తీసుకోకపోతే మళ్ళీ అందించాలి, ఇంకాస్త గట్టిగా. ఆవిడ ఒక చరణం పాడింది, ఈయన ఒక చరణం చదివాడు. ఆవిడ అడవి లోపలికి వెళ్ళింది, ఈయన ఊరి బయటికి నడిచాడు. ఎర్రమట్టి పడ్డ మెడ నరాలు ఉబ్బిపోతున్నాయి. ఒక్కడికీ వినపడ్డంలేదు. ఎకో చల్లగా ఉండాలి!

సరిగ్గా అప్పుడు కరెంటు పోయింది.

దీపాలు పోయాయి. హారన్లు పోయాయి. సముద్రం, రైలు, ఎకో అన్నీ ఒక్కసారి నోరు మూసుకున్నాయి. మైకు లేకుండా పాడితే గొంతు దెబ్బతింటుందని గౌరీశ్వరి గారు టక్కున ఆగారు. కరెంటు పోయిన సంగతి తెలియని ఒకే ఒక్క మనిషి ఆ స్థలంలో సూరన్న. కళ్ళు గట్టిగా మూసుకుని చదువుతున్నాడు. కాగితం చూడాల్సిన పని ఆయనకెప్పుడూ లేదు.

చీకట్లో ఆ గొంతు ఒక్కటే వినపడింది. రాగం లేదు, తాళం లేదు. చాకలిపద్దు చదివినట్టు చదువుతున్నాడు.

"మూడు రాళ్ళూ మూటగట్టినాను, ముద్ద ఎక్కడ వండను? తలుపు ఊడదీసి తలకెత్తినాను, తలుపు ఎవరికి తియ్యను? కుక్క వెనకే వస్తోంది గానీ, ఏ వీధి కాపలా కాయమనను?"

అప్పుడు తన గొంతు తనకే వినపడి సూరన్న ఆగిపోయాడు.

ఎవరూ ఈల వెయ్యలేదు. వేరుశెనక్కాయలు నమలడం కూడా ఆపేశారు.

"ఒరే సూరిగా!" ముందు వరసలోంచి చిలకమ్మ గొంతు. "ఆపీసినావేటి? సదువు."

"కరెంటు నేదత్తా."

"నీ నోటికి కరెంటెందుకురా? మొదట్నించీ సదువు."

సూరన్న గొంతు సవరించుకున్నాడు. "మూడు రాళ్ళూ మూటగట్టినాను..."

"అదిగో, అక్కడ! తప్పు రాసినావు. మూడు కాదు. రెండే తెచ్చినాను."

"పొయ్యికి మూడు గదత్తా?"

"మూడోది అక్కడే ఒగ్గీసినాన్రా. మల్లీ ఎప్పుడైనా ఎల్తే మన పొయ్యెక్కడో తెలవాల గదా."

చీకట్లో పక్కనించి అసిరమ్మ అందుకుంది. "నాను రోలు ఒగ్గీసినానొలే. బరువని కాదు."

వెనకనించి ఎవరిదో మగగొంతు, "మా నూతి గిలక" అంది. ఇంకెవరో ఇంకేదో అన్నారు. స్టేజీ మీద కిరీటంతో నిలబడ్డ గౌరీశ్వరి గారు వంగి సందులోకి చూశారు.

"అదేటి బాబూ, ఇంత సిన్న మాటలా? నాలుగు రోజుల ముందు పంపితే నాను పాడకపోదునా?"

ఇదంతా చదివి మీరు చలించిపోయారని నాకు అనుమానంగా ఉంది. చలించకండి. అదే నేను చెప్పేది! మాటలు వినపడితే వచ్చే ప్రమాదం ఇదే. ప్రేక్షకులు ప్రేక్షకుల్లా ఉండరు. ఎవడి రాయి వాడు, ఎవడి రోలు వాడు బయటికి తీస్తాడు. నాటకం ఎవరిదో తెలియకుండా పోతుంది.

దేవుడి దయవల్ల కరెంటు తిరిగొచ్చింది. "హలో... లో... లో. అంతరాయానికి చింతిస్తున్నాము... న్నాము... న్నాము" అన్నారు భీమశంకరరావు గారు. రాణి ఎక్కడ దారి తప్పిందో అక్కణ్ణించే మళ్ళీ తప్పింది. జనం ఈలలు వేశారు. అంతా సవ్యంగా ముగిసింది.

మర్నాడు కమిటీ కూచుని లోటుపాట్లు చర్చించింది. ప్రాంప్టరు గొంతు బయటికి వినపడడం నాటక ధర్మానికి విరుద్ధమని గురునాథరావు మాస్టారు చెప్పారు. ప్రేక్షకులు రచనలో తప్పులు దిద్దడం క్రమశిక్షణ కాదని భీమశంకరరావు గారు చెప్పారు. ఇలాంటి అంతరాయం మళ్ళీ రాకూడదు కాబట్టి సమితికి ఒక జనరేటరు కొనాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. వచ్చే ఏటి నాటకం కూడా సూరన్నే రాయాలన్నారు. ఈసారి రాజుండాలన్నారు.

సూరన్న సరేనన్నాడు. ఇంటికెళ్ళి పాత కాగితం తీసి 'మూడు' కొట్టేసి 'రెండు' అని రాసుకున్నాడు. ఆడేసిన నాటకాన్ని ఇప్పుడు దిద్దుకోవడమెందుకో నాకైతే అర్థం కాలేదు.

జనరేటరు వచ్చింది. దాని చప్పుడు ఎకోని కూడా మించిందని అందరూ మెచ్చుకుంటున్నారు. ఇక మాట వినపడే ప్రమాదం ఏ వైపునుంచీ లేదు. మీరందరూ పిల్లాపాపలతో నిర్భయంగా మా నాటకానికి రావచ్చు.

చిలకమ్మని పిలవడానికి నేనే స్వయంగా గాజువాక సంతకి వెళ్ళాను. ఆవిడ ఎండుచేపలు తిరగేస్తోంది.

"జనరేటరంటే ఏటి బాబూ?"

"కరెంటు పోయినా నాటకం ఆగదమ్మా. దీపాలు, మైకు, పాట అన్నీ అలాగే ఉంటాయి."

"అలాగా." ఆవిడ చేప మీద వాలిన ఈగని తోలింది. "అయితే ఇప్పుడు రాన్లే బాబూ. అది పాడైపోయిన్నాడు కబురెట్టండి, వత్తాను."